పది నిమిషాల గీత

"ఆ తాళంచెవి ఇటియ్యి."

"ఇవ్వను."

"ఇవ్వమంటుంటే నీక్కాదూ!"

"చస్తే ఇవ్వను వదినా. లోపల ఆయనకేం కాదు. మత్తు దిగేదాకా పడుంటారు, దిగాక లేస్తారు. ఇవాళ కొత్తా మనకి?"

వదిన కుట్టుగది తలుపుకి అడ్డంగా నిలబడింది. ఆవిడ మా ఆయనకి అక్క, పక్క వీధిలోనే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది కానీ, ఇప్పటికీ ఎదుటి మనిషి లెక్క తప్పినట్టే చూస్తుంది. తమ్ముడి నూరో రోజని పొద్దున్నే మంచి బట్టలు కట్టుకుని వచ్చింది పాపం. వచ్చేసరికి తమ్ముడు తాళం వెనకాల ఉన్నాడు, మరదలు హాల్లో పళ్ళు నూరుతోంది.

నూరో రోజండీ! తొంభై తొమ్మిది రోజులు చుక్క ముట్టని మనిషి, ఇవాళ పది గంటలకి తాగుడు మానేసినవాళ్ళ మీటింగులో అందరి ముందూ లేచి నాలుగు మాటలు చెప్పాల్సిన మనిషి. ఆ మనిషి కోసం వారం రోజులు కూర్చుని చొక్కా కుట్టాను. ఊరందరికీ కుట్టి పెట్టే చెయ్యి, ఈ ఒక్క చొక్కాకి కాలరు రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టింది. నా బుద్ధి గడ్డి తిని.

పొద్దున ఎనిమిదింటికి ఆ చొక్కా తొడుక్కోవడానికే కుట్టుగదిలోకి వెళ్ళారు. ఎంతకీ రారే! వెళ్ళి గుమ్మంలో నిలబడి చూశాను. బట్టల స్టాండు పట్టుకుని ఊగుతున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖమంతా చెమట. చేతులు వణుకుతూ బొత్తాం కాజాలోకి పోవడం లేదు. నన్ను చూసి ఏదో అనబోయారు, నాలుక మడతపడింది.

అంతే. బల్ల మీదున్న ఆయన ఫోను తీసుకున్నాను, తలుపు లాగాను, తాళం తిప్పాను.

"వాసన చూశావా?" అంది వదిన.

"వాసన చూడాల్సిన ఖర్మ నాకేం పట్టలేదు. గుమ్మంలోంచి చూస్తే చాలు, ఎన్ని గ్లాసులు పడ్డాయో చెప్పేస్తా."

తలుపు వెనక నుంచి ఆయన గొంతు వచ్చింది. "జ్వరమే... ఒళ్ళు కాలిపోతోందే నాకు..."

నేను పకపకా నవ్వాను. నవ్వనా మరి? పదకొండేళ్ళ పాటు ఆయన లేవలేని ప్రతి పొద్దునా కొట్టు ఓనరుకి ఫోన్ చేసి "ఆయనకి జ్వరమండీ" అని చెప్పింది నేనే. ఏడాదికి ఇరవై జ్వరాలు. ఒకసారి ఆ ఓనరే విసిగిపోయి, "అమ్మా, ఈసారి ఆ జ్వరాన్ని ఆదివారం రమ్మని చెప్పండి" అన్నాడు. నేను పుట్టించిన జ్వరం తెచ్చి నాకే చెబుతారా!

"విన్నావా? జ్వరమంటున్నాడు," అంది వదిన.

"వింటూనే ఉన్నా, పదకొండేళ్ళుగా."

"ఏమే, నీకు తెలీదా? వాడు తాళాలు బాగుచేసేవాడు. ఆ తలుపుకి ఆ తాళం బిగించింది కూడా వాడే. పనిముట్ల సంచీ కూడా లోపలే ఉంది. తల్చుకుంటే నిమిషంలో తీసుకుని బయటికి రాడూ?"

"అదే కదా నేను చెప్పేది! ఇంతసేపూ తీసుకోలేదంటే చెయ్యి నిలవడం లేదన్నమాట. ఇంకేం సాక్ష్యం కావాలి మీకు?"

లెక్క నావైపే తేలింది. ఆవిడ కళ్ళు మాత్రం వంటింటి గోడ మీదికి పోయాయి. ఆ గోడ మీద పెన్సిలు గీతలున్నాయి, వరసలు వరసలుగా.

అవి ఆయన గీసినవే. మీటింగులో మానేసినవాళ్ళు కూర్చునే గదిలో జన్మలో ముట్టనని ఒట్లు పెట్టుకోరట. ప్రాణం లాగినప్పుడు "ఇంకో పది నిమిషాలు" అనుకుని ఒక గీత గీసుకుంటారట. అది గడిస్తే ఇంకోటి. మొదటి వారం మా గోడ నాశనమైపోయింది. సున్నం వేయించినది మొన్నే కదా అని నేను అరిస్తే, ఆయన నవ్వి ఇంకో గీత గీశారు.

"ఇన్ని గీసినవాడు..." అంది వదిన.

"గీసి గీసి అలిసిపోయారు. పదండి, నేను మీటింగుకి పోతున్నా."

"వీణ్ణి ఇలా వదిలేసా?"

"వదిలేసే! ఐదు ఆదివారాలుగా అక్కడ తాగేవాళ్ళ ఇంటివాళ్ళకని పెట్టిన గదిలో నోరు కుట్టుకుని కూర్చున్నా. ఇవాళ అందరినీ కడిగేస్తా. నూరు రోజులట, చప్పట్లట! వచ్చి చూడమంటా వీళ్ళ నూరో రోజుని."

వదిన నా ముఖం చూసింది, నా జాకెట్టులో దోపుకున్న తాళంచెవి చూసింది. "సరే, నేనూ వస్తా. నా మాట వినవు, అక్కడ బుద్ధున్నవాళ్ళు ఒక్కరైనా ఉంటారు, వాళ్ళు చెబితేనైనా వింటావేమో." తలుపు మీద చెయ్యి పెట్టి, "తమ్ముడూ, గంటలో వచ్చేస్తాం రా," అంది.

లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"నిద్రపోయుంటారు," అన్నాను.

* * *

మీటింగు డ్రైవింగ్ స్కూలు మేడ మీద. ఆదివారం వాళ్ళకి సెలవు కాబట్టి మాకిస్తారు. గోడల నిండా ఆగుము, నిదానము, మలుపు కలదు అని బోర్డులు. ఎడం పక్క గది మానేసినవాళ్ళది, కుడి పక్క గది వాళ్ళ ఇంటివాళ్ళది. మధ్యలో ఒక చెక్క తలుపు ఉంటుంది.

మా గదిని నడిపేది కండక్టరమ్మ. పాతికేళ్ళు సిటీ బస్సులో టికెట్లు కొట్టిన మనిషి. ఆవిడ మాట్లాడితే చివరి సీటు దాకా వినపడాల్సిందే. వారం వారం అదే మాట చెబుతుంది. "కొత్తవాళ్ళు వినండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ప్రతి మాటా 'నేను' అని మొదలెట్టాలి. ఎవరి కథ వాళ్ళదే, పక్కవాళ్ళ కథ పక్కవాళ్ళే చెప్పుకుంటారు. అడగనిదే సలహా ఇవ్వం, అడిగితే కాదనం. దేవుడున్నవాళ్ళు మనసులో ఉంచుకోండి, లేనివాళ్ళు లేడనుకోండి. ఈ గదిలో మాత్రం మనిషికి మనిషే దిక్కు."

ఇద్దరు మాట్లాడారు. ఏం మాట్లాడారో నా చెవికెక్కితే ఒట్టు. మూడో మనిషిగా నేను చెయ్యెత్తాను. కండక్టరమ్మ వంటింటి టైమరు తిప్పి బల్ల మీద పెట్టింది.

"మా ఆయన ఇవాళ..."

కండక్టరమ్మ అరచెయ్యి లేచింది. "నేను."

"అదే చెబుతున్నా. ఆయన పొద్దున్నే..."

"నేను, అమ్మా."

"ఇదేం అడ్డమండీ బాబూ! జరిగింది చెప్పాలా వద్దా? తాగింది ఆయన, నేను నేను అంటే నేనేం తాగానా?"

ఎవరో కిసుక్కుమన్నారు. కండక్టరమ్మ కూడా నవ్వింది. టైమరు తీసుకుని, మళ్ళీ మొదటికి తిప్పి పెట్టింది. "హోల్డాన్. బస్సు ఆగింది. నిదానంగా ఎక్కండి."

నాకు ఒళ్ళు మండింది. ఆయన అనే మాట లేకుండా నా బతుకులో ఒక్క ముక్క చెప్పడం రాదా నాకు? చెప్పి చూపిస్తా అనుకున్నాను.

"నేను పొద్దున ఒక తలుపుకి తాళం వేశాను." బాగానే వచ్చింది. "నేను మా ఆయన్ని గదిలో పెట్టి తాళం వేశాను. నేను ఆయన ఫోను తీసేసుకున్నాను."

ఎవరూ అయ్యో అనలేదు. ఒక్క కుర్చీ కూడా కిర్రుమనలేదు.

"నేను... గుమ్మంలోంచి చూశాను. నేను దగ్గరికి వెళ్ళలేదు." టైమరు వైపు చూశాను. "నేను వాసన చూడలేదు. జ్వరమంటే నేను నవ్వాను. నేను ఒంటి మీద చెయ్యేసి చూడలేదు."

అక్కడ ఆగిపోయాను. టైమరు టిక్కుటిక్కుమంటోంది. పద్దెనిమిది మంది నా ముఖంలోకి చూస్తున్నారు. ఎవరి కళ్ళలోనూ జాలి లేదు, తప్పుపట్టడం లేదు. ఊరికే వింటున్నారు. ఇంతమంది ఊపిరి బిగబట్టి ఒక్క మనిషి మాట కోసం కూర్చోవడం నా జన్మలో చూడలేదు. అందులోనూ ఆ మనిషిని నేను. నాకు భయమేసింది, ఏదో పెద్ద నది ఒడ్డున నిలబడ్డట్టు. ఇంకేదో చెప్పాలి, అది నాకు తెలుసు, అది నోటి దాకా వచ్చేసింది.

"నేను ఒక సీసా దాచాను."

వదిన గిర్రున నా వైపు తిరిగింది.

"మొదటి వారంలో, చేతులు వణికి వణికి పడిపోతుంటే చూడలేక... మరీ ఎక్కువైతే రెండు గుక్కలు పోద్దామని నేనే కొనుక్కొచ్చాను. పొయ్యలేదు. పారబొయ్యనూ లేదు. లైనింగు గుడ్డల తాన్ల వెనకాల పెట్టాను. వారానికోసారి దాని మీద దుమ్ము కూడా తుడిచాను." వదిన వైపు చూడలేదు. "నేను ఆయన్ని నమ్మలేదు. ఒక్కరోజు కూడా నమ్మలేదు."

అప్పుడు తట్టింది నాకు.

"ఆ గది... నేను తాళం వేసింది ఆ గదికే."

టైమరు గంట కొట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. అడగనిదే అనరు కదా, అదే వాళ్ళ పద్ధతి. నర్సు ఒకావిడ ఉంది, కొడుకు కోసం వస్తుంది. ఆవిడ అప్పటికే సంచీ ఒళ్ళోకి తీసుకుంది కానీ లేవలేదు. నా నోటి వైపే చూస్తోంది.

అడగడం నాకు రాదండీ. పదకొండేళ్ళు ఇరుగుపొరుగుకి, ఓనరుకి, సొంత వదినకి కూడా అంతా బాగుందని చెప్పి నెట్టుకొచ్చిన నోరు. అది ఎలా తెరుచుకుందో నాకిప్పటికీ తెలీదు.

"నాకు చేతకావడం లేదు. ఎవరైనా రండి నాతో."

పద్దెనిమిది కుర్చీలు ఒక్కసారి వెనక్కి జరిగిన చప్పుడయింది.

అందరూ లేచారు. అందరూ! నా పేరైనా సరిగ్గా తెలీనివాళ్ళు. ఒకాయన కర్ర వెతుక్కుంటూ లేచాడు. ఎవరో మధ్య తలుపు మీద దబదబా కొట్టారు, అవతలి గదిలోనూ కుర్చీలు కదిలాయి. ఇంతకాలం ఇంతమంది మనుషులు నా మెట్ల కిందే ఉన్నట్టు, నేను పిలవకపోవడం ఒక్కటే తక్కువైనట్టు అనిపించింది.

"ముగ్గురం చాలు, మిగతావాళ్ళు కూర్చోండి, మీటింగు ఆగకూడదు," అంది కండక్టరమ్మ, చెప్పులు వేసుకుంటూనే.

* * *

డ్రైవింగ్ స్కూలు కారులోనే ఎక్కాం. నడిపింది లారీ. అవతలి గదిలో అందరూ ఆయన్ని లారీ అనే పిలుస్తారు, మనిషి కూడా అంతే ఉంటాడు. తాగి తాగి లైసెన్సు పోగొట్టుకుని, మానేసి మళ్ళీ తెచ్చుకుని, ఇప్పుడు పిల్లలకి డ్రైవింగ్ నేర్పుతున్నాడు. ముందు సీట్లో నర్సు, వెనక సీట్లో కండక్టరమ్మ, నేను, వదిన.

వదిన కిటికీలోంచి బయటికి చూస్తోంది. నన్ను కాల్చుకు తింటుందనుకున్నాను. రెండు వీధులు దాటాక, అటే చూస్తూ అంది.

"నేను ఆ తాళంచెవి లాక్కోగలిగి ఉండి కూడా లాక్కోలేదు. నేను కూడా జ్వరమంటే నమ్మలేదు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోలేదు.

మూడంతస్తులు ఎలా ఎక్కానో తెలీదు. కుట్టుగది ముందు నిలబడి పిలిచాను. "ఏవండీ!" చప్పుడు లేదు. తాళంచెవి తీశాను. అది రంధ్రంలోకి పోదే! నా చెయ్యి వణుకుతోంది. పొద్దున ఆయన బొత్తాం గుర్తొచ్చి కళ్ళు మసకబారాయి. వదిన నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. అప్పుడు తిరిగింది తాళం.

ఆయన మిషన్ కాళ్ళకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. చలికి లైనింగు గుడ్డలు లాగి చుట్టుకున్నారు. లోపల నేను కుట్టిన చొక్కా, బొత్తాలన్నీ ఒక కాజా పక్కకి పెట్టుకున్నారు. తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. గుడ్డల తాన్లు కింద దొర్లుతున్నాయి.

సీసా మిషన్ మీద ఉంది, నడిమధ్య.

నేను మళ్ళీ గుమ్మంలోనే ఆగిపోయాను. నర్సు నన్ను తోసుకుని వెళ్ళి కూర్చుంది. నుదుటి మీద చెయ్యేసి చప్పున తీసేసింది. నోటి దగ్గర వాసన చూసింది, థర్మామీటరు పెట్టింది.

"నూట నాలుగు. మందు వాసన లేదు. చెవి కింద ఎంత వాచిందో చూడండి, ఎన్నాళ్ళుగా నొప్పి పడుతున్నాడో."

లారీ సీసా దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. "సీలు తియ్యలేదు."

"ఇటు చూడండి," అంది కండక్టరమ్మ. ఆ గొంతు చిన్నబోవడం నేనప్పుడే విన్నాను.

ఆవిడ తలుపు సగం మూసింది. తలుపు వెనక పక్క సుద్ద గీతలున్నాయి. నేను గుడ్డ మీద గుర్తులు పెట్టే నీలం సుద్ద. మొదటి వరస నిలువుగా, తిన్నగా ఉంది, నేను గీసినా అంత తిన్నగా రాదు. రెండో వరసకి గీతలు వాలడం మొదలెట్టాయి. మూడో వరసలో ఒకటి పైకి, ఒకటి కిందికి. చివరిది సగం దాకా వచ్చి జారి నేల దాకా పోయింది.

వదిన వేలు గాల్లో ఆడిస్తూ లెక్కపెట్టింది. "పద్దెనిమిది."

ఎనిమిదింటి నుంచి పదకొండింటి దాకా. ఒళ్ళు కాలిపోతుంటే, నేను నవ్వి వెళ్ళిపోతే, చేతికందే దూరంలో సీసా పెట్టుకుని. కింద తలుపు పక్కన పనిముట్ల సంచీ తెరిచి ఉంది. సన్న కమ్మీలు రెండు తీసి పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. వాటితో ఆ తాళం ఎంతసేపండీ ఆయనకి!

అంత పెద్ద మనిషి లారీ తలుపు ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. "నేను ఒకసారి ఎనిమిదో గీత దగ్గర ఓడిపోయానమ్మా," అన్నాడు. "అదీ జ్వరం లేకుండా, పక్కన ఇద్దరు మనుషులుండగా."

నేను ఆ గీతల ముందు నిలబడిపోయాను. పదకొండేళ్ళు కాపురం చేసిన మనిషి. గ్లాసుల లెక్క చెప్పగలనని విర్రవీగినదాన్ని. ఈ మనిషి లోపల ఇంత ఉందని నాకు తెలీదు. చూడనే లేదు.

"కిందికి దించాలంటే స్ట్రెచరు కావాలి, బండి పిలిచాను, పది నిమిషాల్లో వస్తుంది," అంది నర్సు.

ఆ మాటకేమో ఆయన కళ్ళు తెరిచారు. నర్సుని చూశారు, అక్కని చూశారు. సీసా వైపు చూసి, నా వైపు చూసి, లేవబోయారు.

"అది నాది కాదు," అన్నారు. పెదాలు అంటుకుపోయి మాట సరిగ్గా రావడం లేదు. "ఒట్టు. నేను తేలేదే. గుడ్డలు లాగితే కనపడింది."

"మీరు మాట్లాడకండి..."

"తాళం తీద్దామనుకున్నా. తీస్తే... బారుకి పోయాననుకుంటావు కదా నువ్వు. అందుకని కూర్చున్నా."

కండక్టరమ్మ నన్నే చూస్తోంది. చెయ్యెత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు.

"నేను పెట్టాను," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఆ సీసా నేను పెట్టాను."

"ఎప్పుడు?"

"మొదటి వారంలో."

ఆయన నన్ను చూశారు. తిడితే బాగుండుననిపించింది. అరిస్తే, అరిచినన్నిసార్లూ జవాబు చెప్పగలను నేను, నాకది బాగా వచ్చు.

"అంటే నేను గోడ మీద గీతలు గీస్తున్నప్పుడు," అన్నారు మెల్లిగా, "అది ఇక్కడే ఉంది."

"ఊఁ."

ఆయన కళ్ళు మూసుకున్నారు. రెప్పల కింద నుంచి నీళ్ళు జారి చెవి కింది వాపు మీదుగా పోయాయి. తుడవబోతే ముఖం తిప్పుకున్నారు. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"మళ్ళీ ఇంటికొస్తానో, అక్క దగ్గరికి పోతానో నాకు తెలీదు," అన్నారు కళ్ళు తెరవకుండానే. "ఇప్పుడడక్కు."

"అడగను."

పిడికిలి విప్పారు. అరచేతిలో చిన్న సుద్దముక్క. చెమటకి కరిగి అరచెయ్యంతా నీలంగా ఉంది. దాన్ని నా వైపు జరిపారు.

"పది నిమిషాలు. అంతవరకే చెప్పగలను. నువ్వు గియ్యి."

సుద్ద ఇంకా వేడిగా ఉంది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. పన్నెండేళ్ళుగా గుడ్డ మీద గీతలు గీసే చెయ్యి, ఆ ఒక్క గీత తిన్నగా గియ్యలేకపోయింది. పందొమ్మిదోది అన్నిటికన్నా వంకరగా వచ్చింది.

గోడ గడియారం పదకొండూ ఐదు చూపిస్తోంది. వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చుని, ముల్లు వైపు చూడటం మొదలెట్టాను.